ఎకరా అమ్మేముందు ఒకసారి వర్క్‌షాపు చూసి రండి

శివరాత్రి మర్నాడు మా బామ్మర్ది వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడి, "బావా, రోడ్డు పక్క ఎకరా బేరం పెట్టినా" అన్నాడు. వాడికి ఉండేదంతా మూడెకరాల ఇరవై సెంట్లు. అందులో బోరు నీళ్ళు పారేది ఆ ఒక్క ఎకరానికే. మిగతాదంతా వానను నమ్ముకుని శెనక్కాయ వేసే ఎర్రచెలక.

"అంత ముంచుకొచ్చిన పనేముందిరా?" అన్నాను.

"పిల్లోడు పదో తరగతి గదా. టౌన్లో కాలేజీవాళ్ళు ఇంటికే వచ్చినారు. ఇప్పుడే సీటు రాపిచ్చుకుంటే ఫీజులో తగ్గిస్తారంట. రెండేండ్లు ఇంటరు, నాలుగేండ్లు బీటెక్కు. కంప్యూటరు చదివితే మనట్ల మన్ను పిసుక్కోవాల్సిన పన్లేదు బావా" అన్నాడు.

వాడి మాటలో తప్పేమీ లేదు. పిల్లల చదువుకు పొలం అమ్మడం పాపమని కూడా నేను అనను. ఎండిపోయిన బోరు కన్నా చదివిన బిడ్డ మేలు. కానీ ఇదే అరుగు మీద కూర్చుని 2013లో నేనూ ఒక ఎకరా అమ్మాను. ఆ అనుభవం ఉంది కాబట్టి రైతు సోదరులతో నాలుగు మాటలు చెప్పుకుంటే కొందరికైనా పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

మా పెద్దోణ్ణి ఆ ఏడు ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ మెకానికల్‌లో చేర్చాను. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది గదా, పొలం అమ్మడం దేనికని మీరు అడగవచ్చు. 2008 ప్రాంతంలో ఆ పథకం వచ్చాక మన ఊళ్ళ నుంచి పిల్లలు గుంపులు గుంపులుగా ఇంజనీరింగుకు పోయిన మాట వాస్తవం. అది లేకుంటే మావాడు ఆ కాలేజీ గుమ్మం తొక్కేవాడే కాదు. అయితే సర్కారు కట్టేది కాలేజీ ఫీజు. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, అంతకుముందు ఇంటర్ రెండేళ్ళకు కార్పొరేటు కాలేజీకి పోసిన సొమ్ము ఎవరు కడతారు? పైగా సర్కారు డబ్బు ఆలస్యమైతే కాలేజీవాళ్ళు హాల్‌టికెట్ ఆపి తల్లిదండ్రులను పిలిపిస్తారు. అలా రెండుసార్లు పోయి నిలబడి వచ్చాను.

ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. బిల్డింగు మాత్రం కల్యాణ మండపంలా ఉండేది. మూడో ఏడు వాణ్ణి చూడబోయినప్పుడు వర్క్‌షాపు చూపించమన్నాను. ఆరు లేత్ మిషన్లు వరుసగా ఉన్నాయి. అన్నింటి మీదా ప్లాస్టిక్ కవర్లు. "తనిఖీకి వచ్చినప్పుడు తీస్తారు నాయనా" అన్నాడు మావాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. విత్తనపు కాయలు కొనేటప్పుడు మూటలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి నాలుగు కాయలు తీసి ఒలిచి చూసే మనిషిని. కొడుకును చేర్చేటప్పుడు ఆ పని చెయ్యలేదు.

వాడు చెడిపోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. రెండు బ్యాక్‌లాగులు కట్టుకుని 2017లో గట్టెక్కాడు. బెంగళూరులో పార్సిళ్ళ గోడౌనులో లెక్కలు రాసే పనిలో చేరి మెల్లగా నిలదొక్కుకున్నాడు. కానీ చదివిన మెకానికల్‌కూ చేసే పనికీ సంబంధం లేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు స్టార్టరు మూత విప్పి చూడరా అంటే వాడి చెయ్యి వణికింది. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదివినవాడు.

మా తమ్ముడి కూతురి సంగతి దీనికి పూర్తిగా వేరు. 2021లో పదో తరగతి కాగానే సర్కారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరింది. అప్పుడు మా తమ్ముణ్ణి నేనే తప్పుపట్టాను. "మార్కులొచ్చే పిల్లను పాలిటెక్నిక్‌కు పంపుతావా, అదేదో ఇంటరు సీటు దొరకనివాళ్ళు పొయ్యే చోటు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. మన ఊళ్ళలో అత్తగారింటికి పొయ్యే పిల్లకు కూడా "బీటెక్కా, డిప్లొమానా" అని అడిగి, డిప్లొమా అంటే మొహం ఒక రకంగా పెడతారు గదా, నేనూ ఆ బాపతే.

2023 వేసవిలో ఒక సాయంత్రం. మామిడి మొక్కలకు నీళ్ళు పెడుతున్నాం. మోటారు స్విచ్ వేస్తే మూలుగుతోంది గానీ నీళ్ళు రావడం లేదు. నేను మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కుతున్నాను. సెలవులకు వచ్చిన ఆ పిల్ల గట్టు మీద నుంచే "పెదనాన్నా, నొక్కొద్దు, కాలిపోతుంది" అని పరుగెత్తుకొచ్చింది. మెయిన్ ఆపించి, స్టార్టరు విప్పి, చేతిలో ఉన్న మీటరుతో ఒక్కో తీగా చూసింది. మూడు ఫేజుల్లో ఒకటి లోపలికి పోవడం లేదు. స్టార్టరులో ఆ ఫేజు కాంటాక్టు మాడి బొగ్గయింది. టౌన్లో కొన్ని వందల రూపాయలకు కాంటాక్టు కిట్ దొరికింది. అదే మోటారు కాలి ఉంటే? నాలుగు వందల అడుగుల లోతు నుంచి పైపులు దించేవాళ్ళకు కూలి, రీవైండింగు, మళ్ళీ దించడానికి కూలి, ఈలోగా నాలుగు రోజులు తోట ఎండ. ఈ లెక్క బోరున్న ప్రతి రైతుకూ నోటికి వస్తుంది.

ఆ రోజు ఆ పిల్ల చెప్పిన సంగతి మీకూ చెబుతాను. త్రీఫేజు మోటారుకు ఒక ఫేజు పోతే, మిగిలిన రెండు ఫేజులే మొత్తం బరువు మోయాలి. ఆ రెండింట్లో కరెంటు ఎక్కువగా లాగుతుంది. చుట్టలు వేడెక్కి తీగ మీది పూత మాడుతుంది, చుట్ట షార్టవుతుంది. దీన్ని ముందే పట్టి మోటారును ఆపడానికే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే పెట్టి ఉంటుంది. మనవాళ్ళు ఏం చేస్తారు? "మాటిమాటికీ పడిపోతాంది" అని రిలేను తప్పించి తీగ నేరుగా కలిపేస్తారు. నేనూ అదే చేయించాను, ఊరి మెకానిక్కుకు వంద రూపాయలిచ్చి మరీ.

ఇంకొకటి. మన రాష్ట్రంలో 2004 మే నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. తర్వాత దానికి నాలుగు నిబంధనలు పెట్టారు. కెపాసిటరు ఉండాలి, ఐఎస్ఐ మార్కు మోటారు ఉండాలి, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వు ఉండాలి, హెచ్‌డీపీఈ గానీ ఆర్‌పీవీసీ గానీ పైపు ఉండాలి. కాగితం మీద అందరం ఒప్పుకున్నాం. కెపాసిటరు ఎందుకో మా ఊళ్ళో ఎంతమందికి తెలుసు? చాలామంది అది కరెంటోళ్ళ కోసమే అనుకుంటారు. అది పెడితే లైను మీద కరెంటు లాగుడు తగ్గి, వోల్టేజి కాస్త నిలబడి, ట్రాన్స్‌ఫార్మరు మీద భారం తగ్గుతుందని, అందరూ పెడితేనే ఆ మేలు కనిపిస్తుందని మాకు విడమరిచి చెప్పింది పద్దెనిమిదేళ్ళ ఆ పిల్ల. 2003లో మొదలైన సూక్ష్మసేద్యం పథకం కింద వేసిన డ్రిప్పులు ఎన్ని చేలల్లో మూలన పడి ఉన్నాయో చూడండి. ఫిల్టరు కడగడం, ప్రెషరు చూసుకోవడం చెప్పే మనిషి ఊళ్ళో లేకనే సగం పాడయ్యాయి. ట్రాక్టర్లొచ్చాయి, కోత మిషన్లొచ్చాయి, ఇప్పుడు మందు కొట్టే డ్రోన్లూ వచ్చాయి. యంత్రాలు పల్లెకు వచ్చాయి గానీ వాటిని చదివినవాళ్ళు పల్లె విడిచిపోయారు.

ఇక బామ్మర్దికి నేను చెప్పిన లెక్క. పదో తరగతి తర్వాత ఇంటరు రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళు. పదో తరగతి తర్వాత డిప్లొమా మూడేళ్ళు, ఆపైన ఈసెట్ రాసి సీటొస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరి మూడేళ్ళు, అదీ మొత్తం ఆరేళ్ళే. చివరికి చేతికొచ్చే పట్టా ఒకటే. తేడా ఎక్కడంటే మధ్యలో. ఇంటరు అయ్యాక ఇంట్లో కష్టమొచ్చి చదువు ఆగిపోతే, ఆ కాగితంతో పిల్లోడు ఏ పనికి పోతాడు? డిప్లొమా అయ్యాక ఆగితే చేతిలో ఒక పని ఉంటుంది. వానలు లేక రెండేళ్ళు వరసగా పంట పోవడం మనకు కొత్త కాదు. ఆరేళ్ళూ సజావుగా సాగుతాయన్న ధీమా మనలో ఎవరికుంది? వానను చూసుకుని తడవలు తడవలుగా విత్తేవాళ్ళం, చదువుకు మాత్రం ఉన్నదంతా ఒకేసారి చల్లేస్తున్నాం.

ఖర్చు సంగతి. మన రాష్ట్రంలో సర్కారు పాలిటెక్నిక్‌లు ఎనభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఏడాది ఫీజు ఐదు వేల లోపే. అదీ అర్హులకు రీయింబర్స్‌మెంటులో పోతుంది. కొన్నింటికి హాస్టళ్ళున్నాయి. కార్పొరేటు ఇంటరు హాస్టలుకు ఒక్క ఏడాది పోసే సొమ్ముతో ఇక్కడ మూడేళ్ళూ గడిచిపోతాయి. సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు కేటాయింపు ఉంది, వాళ్ళకు ప్రత్యేకంగా మహిళా పాలిటెక్నిక్‌లూ ఉన్నాయి.

"అయితే బావా, డిప్లొమా చేసినోళ్ళకు ఉద్యోగాలు ఉండాయా?" అన్నాడు. ఇక్కడ దాపరికం ఉండకూడదు. ఉన్నాయి, కానీ ఎదురొచ్చి పిలిచేవి తక్కువ. రైల్వేలో జూనియర్ ఇంజనీరు పోస్టుకు డిప్లొమా చాలు. పంచాయతీరాజ్, నీటిపారుదల వంటి శాఖల్లో ఏఈ పోస్టులకు డిప్లొమావాళ్ళు పోటీపడవచ్చు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా డిప్లొమా చదివిన పిల్లలు చాలామంది కుదురుకున్నారు, మా పక్క ఊరి సచివాలయంలో ఉన్నది అలాంటి కుర్రాడే. కానీ అలాంటి పెద్ద తడవ ఏటా రాదు. ఎక్కువమంది పోయేది ప్రైవేటు ఫ్యాక్టరీలకే. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక మనవాళ్ళకు కాస్త దగ్గర్లోనే దారి కనిపిస్తోంది. మొదటి జీతం మాత్రం చూసి నీరుగారిపోకండి. మేస్త్రీ కూలికి అది పెద్దగా మించదు. షిఫ్టులు ఉంటాయి, చాలాచోట్ల కాంట్రాక్టు మీదే తీసుకుంటారు. రెండు మూడేళ్ళు పని నేర్చుకున్నాకనే విలువ పెరుగుతుంది. అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది, దాని కింద ఏడాది స్టయిపెండుతో పని నేర్చుకోవచ్చు. ఆ అవకాశాన్ని మన పిల్లలు చిన్నచూపు చూస్తున్నారు.

రెండో ఇబ్బంది లెక్కలు, ఇంగ్లీషు. తెలుగు మీడియం నుంచి పోయిన పిల్లలు మొదటి ఏడాది లెక్కల్లో పడతారు. మా పిల్లా తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఆ ఏడు తప్పిన సిగ్గుతో చదువు మానేసి మేకల వెంట పోయిన కుర్రాళ్ళను నాకు తెలుసు. తప్పితే తిట్టకండి, బుడ్డ మొలకలకు మొదటి తడి ఆలస్యమైతే పీకి పారేస్తామా? అలాగే డిప్లొమా నుంచి బీటెక్‌కు పోయినవాళ్ళకు అక్కడి లెక్కలు ఇంటర్ చదివిన పిల్లల కంటే కష్టంగా ఉంటాయి. చేతిపనిలో వీళ్ళు ముందుంటారు, లెక్కల్లో వెనకబడతారు. ఈసెట్ సీట్లూ అందరికీ సరిపడా ఉండవు. ఆ పరీక్ష 200 మార్కులకు. అందులో సగం, అంటే 100 మార్కులు, డిప్లొమాలో చదివిన ఇంజనీరింగు నుంచే వస్తాయి. 50 లెక్కలకు, మిగతావి భౌతిక, రసాయన శాస్త్రాలకు. మొదటి ఏడాది నుంచే లెక్కలు వదలకుండా చదివితేనే ఆ దారి తెరుచుకుంటుంది. మా తమ్ముడి కూతురు 2024లో ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. వాళ్ళ నాన్న సెంటు భూమి అమ్మలేదు.

కంప్యూటరు బ్రాంచి గురించి కూడా ఒక మాట. ఇప్పుడు బీటెక్ సీట్లలో సగానికి పైగా కంప్యూటరు, దాని తోబుట్టువు బ్రాంచీలే. ఒక ఏడు టమాటాకు ధర వచ్చిందని మరుసటి ఏడు ఊరంతా టమాటా వేస్తే ఏమవుతుందో మదనపల్లె మార్కెట్టుకు పోయిన వాళ్ళెవరికీ చెప్పనక్కర్లేదు. కంప్యూటరు చదువు చెడ్డదని కాదు. పిల్లోడికి ఆసక్తి, తెలివి ఉంటే చదవనివ్వండి. అందరూ వేస్తున్నారని మాత్రం వెయ్యకండి.

డిప్లొమాలో చేర్చాలన్నా కళ్ళు మూసుకుని చేర్చకూడదు. పాలిటెక్నిక్‌లు కూడా అన్నీ ఒకటి కాదు. ప్రైవేటువి ఉన్నాయి, సర్కారువాటిలోనూ మంచివి, నీరసించినవి ఉన్నాయి. బ్రోచరు చూసి కాదు, పోయి చూడాలి. ఎద్దును కొనేముందు పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం, కాడి కట్టి చూస్తాం. కాలేజీకీ అంతే. ఏదో ఒక పనిరోజు, ముందుగా చెప్పకుండా, పిల్లోణ్ణి వెంటబెట్టుకుని పొండి. ఆఫీసు గదిలో కూర్చోబెడితే మర్యాదగా లేచి, వర్క్‌షాపు ఎక్కడుందో అడగండి. లేత్ మిషను కింద చూడండి. ఇనుప తురుము పడి ఉంటే, నూనె మరకలుంటే, పిల్లలు దాని మీద పని చేస్తున్నట్టు లెక్క. నేల అద్దంలా మెరుస్తుంటే అనుమానించండి. ఎలక్ట్రికల్ ల్యాబులో మోటార్ల బోర్డు మీద బుడిపెలు అరిగి ఉన్నాయా, ఫ్యూజు తీగలు మార్చిన జాడ ఉందా? డీజిల్ ఇంజను స్టార్ట్ చేసి చూపించమని అడగండి. "సారు లేడు, తాళం ఆయన దగ్గరుంది" అంటే సంగతి అర్థమైనట్టే. ఫిట్టింగు టేబుల్ దగ్గర ఆకురాయి పట్టుకున్న పిల్లలు కనిపిస్తే వాళ్ళనే అడగండి, వారానికి ఎన్ని గంటలు ప్రాక్టికల్స్ జరుగుతాయని. పిల్లలు అబద్ధం చెప్పరు. పాఠాలు చెప్పేవాళ్ళలో పర్మనెంటు వాళ్ళెందరో, ఏ బ్రాంచికి ఖాళీలున్నాయో కూడా తెలుసుకోండి. మూడో ఏడాదిలో ఆరు నెలలు ఫ్యాక్టరీలోనో, సబ్‌స్టేషనులోనో శిక్షణ ఉంటుంది. గత ఏడాది పిల్లల్ని ఎక్కడికి పంపారని అడగండి. ఊరి పేరు, కంపెనీ పేరు చెప్పగలిగితే మంచిది. "పిల్లలే చూసుకుంటారు" అంటే వాళ్ళు ఉత్త సర్టిఫికెట్టు తెచ్చుకుంటారని అర్థం.

మనం పంచె కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పోతే ఎవరైనా పట్టించుకుంటారా అనుకోవద్దు. చేరే పిల్లల తల్లిదండ్రులు ల్యాబు చూస్తామంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. నేను ఆలస్యంగా అడిగాను, మీరు ముందే అడగండి.

పాలిటెక్నిక్‌ల మీద నాకొక ఫిర్యాదు కూడా ఉంది. 1978-79లో కేంద్ర ప్రభుత్వం కమ్యూనిటీ పాలిటెక్నిక్ అని ఒక పథకం తెచ్చింది. పాలిటెక్నిక్‌లు తమ గోడ దాటి చుట్టుపక్కల పల్లెలకు రావాలి, చదువు మానేసిన కుర్రాళ్ళకు పనులు నేర్పాలి, పనిముట్లు బాగుచేయాలి, పొగలేని పొయ్యిలు, గోబర్ గ్యాసు వంటివి జనంలోకి తేవాలి అని దాని ఉద్దేశం. తర్వాత పేరు మారి సముదాయ అభివృద్ధి పథకంగా నడిచింది. కొన్నిచోట్ల బాగానే పనిచేసింది. కానీ మా మండలంలో రైతు ఎవరైనా పాలిటెక్నిక్ గేటు దాటి లోపలికి పోయింది ఎన్నికల్లో ఓటు వెయ్యడానికే. వారానికి ఒక్క శనివారం వర్క్‌షాపు తలుపు రైతులకు తెరిస్తే ఏం పోతుంది? మాడిన స్టార్టర్లు, బిగుసుకుపోయిన స్ప్రేయర్లు, పనిచేయని డ్రిప్పు ఫిల్టర్లు మేమే మోసుకొస్తాం. పిల్లలకు అసలు యంత్రాల మీద చెయ్యి పడుతుంది, మాకు పని జరుగుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మోటారు వేరు, రైతు కాల్చుకుని ఏడుస్తూ తెచ్చిన మోటారు వేరు. దీనికి కొత్త జీవో అవసరమని నేననుకోను. ప్రిన్సిపాలు, నలుగురు లెక్చరర్లు తలుచుకుంటే చాలు.

వ్యవసాయం మీదే మనసున్న పిల్లలకు వేరే దారి ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద వ్యవసాయ పాలిటెక్నిక్‌లున్నాయి. వ్యవసాయ డిప్లొమా రెండేళ్ళు, వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమా మూడేళ్ళు. వాటికి దరఖాస్తు వేరు, యూనివర్సిటీ ప్రకటన చూసుకోవాలి. వ్యవసాయ ఇంజనీరింగులో బీటెక్ చదవాలంటే బాపట్లలో 1983 నుంచి కాలేజీ ఉంది, మన మడకశిరలోనూ ఉంది. చుట్టాల్లో ఎంతమందికి అడిగినా ఆ చదువొకటి ఉందనే తెలియదు.

బామ్మర్ది చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగ తాగి, "అయితే రిజల్ట్స్ వచ్చినాక చూద్దాంలే బావా" అన్నాడు. మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే. పాలిసెట్ దరఖాస్తులు పదో తరగతి ఫలితాల దాకా ఆగవు. ఈమధ్య ఏళ్ళలో మార్చి, ఏప్రిల్ నెలల్లో దరఖాస్తులు తీసుకుని, ఏప్రిల్ నెలాఖరులో పరీక్ష పెడుతున్నారు. పదో తరగతి రాస్తున్న పిల్లలు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. ఫలితాలు వచ్చాక కదిలితే అదను దాటిపోతుంది. పరీక్ష రెండు గంటలు, 120 మార్కులు. లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30, అన్నీ పదో తరగతి పాఠాల నుంచే. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. చాలా సర్కారు పాలిటెక్నిక్‌లలో పరీక్షకు ముందు కొన్ని రోజులు ఉచితంగా శిక్షణ ఇస్తున్నారు. అక్కడికి పోతే పాఠంతో పాటు కాలేజీ కూడా చూసినట్టవుతుంది.

కౌన్సెలింగు నాటికి నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు లేదా రేషన్ కార్డు చేతిలో ఉండాలి. మా బామ్మర్ది కొడుకు నాలుగు, ఐదు తరగతులు వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో చదివాడు. ఆ బడిని తర్వాత పక్క ఊరి బడిలో కలిపేశారు. రిజిస్టర్లు ఎక్కడున్నాయో అడగడానికి రేపు వాడు మండల విద్యాధికారి ఆఫీసుకు పోతున్నాడు. సోమవారం నేనూ, వాడూ, పిల్లోడూ కలిసి పాలిటెక్నిక్‌కు పోతున్నాం. పొలం బేరం అప్పటిదాకా ఆపమన్నాను. కొనేవాడు తొందరపెడుతున్నాడట.